మెక్సికో వంటలు: మన ప్రశ్నలు, జవాబులు

అమెరికాలోని టెక్సాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. టెక్సాస్ 1836 వరకు మెక్సికోలో భాగంగా ఉండేది. ఇప్పటికీ అక్కడ వీధివీధికీ మెక్సికో భోజనశాల కనిపిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పిల్లలు "అమ్మా, ఈ రోజు బయట మెక్సికన్ తిందాం" అంటారు. షుగరుకు మాత్రలు వాడుతున్న తల్లి, రక్తపోటు ఉన్న తండ్రి ఆ పళ్ళెం ముందు కూర్చుని ఏది తినవచ్చో, ఏది తినకూడదో తెలియక ఇబ్బంది పడతారు. సెలవులకు వచ్చిన మనవలు అవే వంటలు ఇక్కడ చేసిపెట్టమని అడిగినప్పుడూ ఇదే సందేహం. అలాంటి ప్రశ్నలకు ఈ వ్యాసంలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: అసలు మెక్సికో భోజనం అంటే ఏమిటి?

జవాబు: మనకు అన్నం, పప్పు, కూర, పచ్చడి ఎలాగో, మెక్సికో ప్రజలకు మొక్కజొన్న రొట్టె, ఉడికించిన చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి, మిరపకాయ అలాగ. మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికోయే. అక్కడి దక్షిణ ప్రాంతపు రైతులు సుమారు 9,000 సంవత్సరాల క్రితం ఒక అడవి గడ్డి నుండి దానిని పెంచుకుంటూ వచ్చారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ఒకే పొలంలో కలిపి వేయడం వారి పాత పద్ధతి. దానిని మిల్పా అంటారు. తెలంగాణ రైతులు జొన్నలో కంది వేసినట్టే ఇదీను. చిక్కుడు తీగ మొక్కజొన్న కర్రను పట్టుకుని పైకి పాకుతుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరిపోకుండా కాపాడతాయి.

మొక్కజొన్నతో చేసే పలుచని రొట్టెను టోర్టియా అంటారు. పొట్లం మీద టోర్టిల్లా అని రాసి ఉన్నా మెక్సికోవారు పలికేది టోర్టియా అనే. అందులో కూరో మాంసమో పెట్టి మడిస్తే టాకో. పచ్చడిని సాల్సా అంటారు. మొక్కజొన్న ముద్దలో కూర పెట్టి, కండె పొత్తుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తే తమాల్. కోనసీమలో పనస ఆకు బుట్టల్లో పిండి పోసి పొట్టిక్కలు చేయడం చూసినవారికి ఇది వింతగా ఉండదు. మెక్సికో సంప్రదాయ వంటను యునెస్కో 2010లో మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

మన వంటింటికీ మెక్సికోకూ పాత బంధుత్వం ఉంది. మిరపకాయ, మొక్కజొన్న, టమాటా, బొప్పాయి, జామ అన్నీ అమెరికా ఖండాల నుండి సముద్రం దాటి మన దేశానికి వచ్చినవే. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. అంతకు ముందు మన వంటకు కారం ఇచ్చింది మిరియాలు.

ప్రశ్న: మొక్కజొన్నను సున్నంతో ఉడికిస్తారని విన్నాము. నిజమేనా? ఎందుకు?

జవాబు: నిజమే. మెక్సికో వంట అంతటిలో మనం ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. ఎండిన మొక్కజొన్న గింజలను కొద్దిగా సున్నం కలిపిన నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రుబ్బుతారు. ఇలా తయారైన గింజలను నిక్స్టమాల్ అంటారు. మూడు వేల సంవత్సరాలకు పైగా ఆ ప్రాంతపు స్త్రీలు చేస్తున్న పని ఇది.

దీనివల్ల గింజ మీది గట్టి పొట్టు ఊడిపోతుంది. పిండికి జిగురు వచ్చి రొట్టె విరగకుండా నిలుస్తుంది. రొట్టెలో కాల్షియం పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, గింజలో బిగుసుకుపోయి మన పేగులకు అందకుండా ఉండే నియాసిన్ అనే బి3 విటమిన్ విడుదలై శరీరానికి అందుతుంది.

ఈ చిన్న పనిని వదిలిపెట్టినందుకు ఇతర దేశాలవారు పెద్ద మూల్యమే చెల్లించారు. కొలంబస్ తరువాత మొక్కజొన్న ఐరోపాకు వెళ్ళింది. గింజ వెళ్ళింది గాని దానిని వండే పద్ధతి వెళ్ళలేదు. పేదవారు పూటపూటకూ సున్నం తగలని మొక్కజొన్న జావే తాగి బ్రతికారు. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఒక కొత్త జబ్బును గమనించాడు. మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలే చోటల్లా చర్మం కమిలి నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. చివరకు మతి స్థిమితం తప్పుతుంది. వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది. తరువాత ఇటలీలో దీనికి పెల్లాగ్రా అనే పేరు వచ్చింది. గరుకు చర్మం అని దాని అర్థం.

20వ శతాబ్దం మొదట్లో ఇదే జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేదలను పట్టి పీడించింది. ఒక అంచనా ప్రకారం 1906 నుండి 1940 వరకు సుమారు 30 లక్షల మందికి ఈ జబ్బు వచ్చింది, దాదాపు లక్ష మంది చనిపోయారు. చాలామంది దీనిని అంటువ్యాధి అనుకున్నారు. ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ మాత్రం లోపం తిండిలోనే ఉందన్నాడు. అనాథ శరణాలయాల్లోని పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు గింజలు పెట్టించగా జబ్బు తగ్గిపోయింది. 1915లో మిసిసిపీ జైలులో, ఒప్పుకొని ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులైన ఖైదీలకు మొక్కజొన్న, తెల్లపిండి వంటి తిండి మాత్రమే పెట్టగా కొందరికి ఆ జబ్బు వచ్చింది. 1937లో కాన్రాడ్ ఎల్వేహ్యెమ్ ఆ లోపించినది నియాసిన్ అని కనుగొన్నాడు.

అన్ని శతాబ్దాలూ మొక్కజొన్నే ముఖ్య ఆహారంగా తిన్న మెక్సికో పల్లెల్లో మాత్రం పెల్లాగ్రా అరుదు. అక్కడి తల్లులకు విటమిన్ పేరు తెలియదు. కాని వారి వంటలో సున్నమూ ఉంది, పక్కన చిక్కుడు గింజలూ ఉన్నాయి.

ప్రశ్న: ఈ జబ్బు మన ప్రాంతంలో కూడా ఉండేదా?

జవాబు: ఉండేది. దక్కను పీఠభూమిలో జొన్న తప్ప వేరే ఏమీ దొరకని పేదలలో పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో (నేటి జాతీయ పోషకాహార సంస్థ) డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దీనిని పరిశీలించారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే పదార్థం ఇందుకు కారణమై ఉండవచ్చని 1960లో సూచించారు.

అలా అని జొన్నరొట్టె మానేయకండి. జొన్న మంచి ధాన్యమే. పప్పు, ఆకుకూర, పాలు, గుడ్డు, వేరుశెనగ వంటివి తోడుగా ఉన్నవారికి భయం లేదు. ఏ ధాన్యమైనా ఒంటరిగా పూటపూటకూ తింటేనే చిక్కు. ఒక మాట గుర్తుంచుకోండి: మద్యం ఎక్కువగా తాగుతూ తిండి మానేసినవారిలో పెల్లాగ్రా నేటికీ వస్తుంది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, చికాకు, మతిమరుపు కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి. సకాలంలో వస్తే తేలికగా నయమవుతుంది.

ప్రశ్న: మన బజారులో దొరికే మొక్కజొన్న పిండితో టోర్టియా చేయవచ్చా?

జవాబు: మామూలు మొక్కజొన్న పిండిలో సున్నం పని జరగలేదు కనుక రొట్టె పగిలిపోతుంది. పెద్ద బజార్లలో కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లని మెత్తని పొడి అసలు పనికిరాదు. అది గంజి పొడి, పులుసు చిక్కబడడానికి వాడేది. కావలసినది మాసా అరీనా అనే పిండి. సున్నంతో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి ఆరబెట్టి దానిని తయారు చేస్తారు. అమెరికాలో మామూలు కిరాణా దుకాణాల్లోనే దొరుకుతుంది.

టోర్టియా చేసే విధానం: రెండు కప్పుల మాసా పిండిలో చిటికెడు ఉప్పు వేసి, సుమారు ఒకటిన్నర కప్పుల గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా కలపండి. తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు ఉంచండి. నిమ్మకాయంత ఉండలు చేసి, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి పళ్ళెంతో గుండ్రంగా నొక్కండి. జొన్నరొట్టె తట్టడం అలవాటున్నవారు చేతితోనే తట్టవచ్చు. అంచులు పగిలితే నీరు చాలలేదని, చేతికి అంటుకుంటే ఎక్కువైందని తెలుసుకోండి. బాగా కాలిన పెనం మీద నూనె లేకుండా ఒక్కొక్క వైపు నిమిషం లోపు కాల్చి, మళ్ళీ తిరగేయండి. పొంగితే మంచి గుర్తు. కాల్చినవి గుడ్డలో చుట్టి ఉంచితే మెత్తగా ఉంటాయి. రెండు కప్పుల పిండికి సుమారు 15 చిన్న రొట్టెలు వస్తాయి.

ప్రశ్న: ఆ పిండి దొరకనప్పుడు ఇంటిలోనే గింజలను సున్నంతో ఉడికించవచ్చా?

జవాబు: చేయవచ్చు గాని జాగ్రత్తలు తప్పవు. తిండికి అమ్మే ఎండు మొక్కజొన్నలు మాత్రమే వాడండి. విత్తనాల కోసం అమ్మే రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటారు. వాటిని ఎంత కడిగినా తినకూడదు. సున్నం ఆహారానికి అని రాసి ఉన్న పొడి సున్నమే కావాలి. గోడలకు వేసే సున్నం వాడవద్దు. నీరు తగలగానే పొగలు కక్కే రాతిసున్నం జోలికి అసలు పోవద్దు. అది కళ్ళలో పడితే చూపు పోవచ్చు. పొరపాటున ఏ సున్నం కంట్లో పడినా వెంటనే ధారగా మంచినీటితో కనీసం 20 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి రండి.

అర కిలో గింజలకు 5 గ్రాముల సున్నం, ఒకటిన్నర లీటర్ల నీరు సరిపోతాయి. స్టీలు గిన్నెలోనే చేయండి, అల్యూమినియం గిన్నెను సున్నం తినేస్తుంది. 40 నిమిషాలు సన్నని మంట మీద ఉడికించి, మూతపెట్టి రాత్రంతా ఉంచండి. ఉదయం ఆ పసుపుపచ్చని నీటిని పారబోసి, గింజలను చేతులతో రుద్దుతూ పొట్టు ఊడేలా మూడు నాలుగు నీళ్ళలో కడగండి. తక్కువ నీటితో గ్రైండరులో ముద్దగా రుబ్బితే రొట్టెకు తయారు.

ప్రశ్న: చిక్కుడు గింజలు ఎలా వండాలి? గ్యాస్ వస్తుందని భయం.

జవాబు: మెక్సికోలో నల్లవి, మచ్చలవి ఎక్కువగా వాడతారు. మనకు రాజ్మా దొరుకుతుంది. రాత్రి నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటితో వండండి. దీనివల్ల గ్యాస్ కూడా కొంత తగ్గుతుంది. పచ్చి రాజ్మాలో ఒక విష పదార్థం ఉంటుంది. కనీసం 10 నిమిషాలు కళపెళ మరిగితేనే అది పోతుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు, విరేచనాలు కావచ్చు. ప్రెషర్ కుక్కరులో మెత్తగా ఉడికితే భయం లేదు. అమెరికాలో పిల్లలు వాడే, సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికే కుక్కరులో మాత్రం నానిన రాజ్మాను నేరుగా వేయకండి. ముందు పొయ్యి మీద 10 నిమిషాలు బాగా మరిగించి, ఆ తరువాత అందులో వేయండి.

ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి ఉడికించి చివర్లో ఉప్పు వేస్తే చాలు. ఆ గింజలనే మెదిపి వేయిస్తే రెఫ్రితోస్ అంటారు. దీనిని సాంప్రదాయంగా పంది కొవ్వుతో చేస్తారు. శాకాహారులు బయట తినేటప్పుడు అడిగి తెలుసుకోవాలి. ఇంటిలో ఒక చెంచా నూనె సరిపోతుంది.

మొక్కజొన్నలో తక్కువైన మాంసకృత్తుల భాగం చిక్కుడులో ఉంది, చిక్కుడులో తక్కువైనది మొక్కజొన్నలో ఉంది. అన్నంలోకి పప్పు ఎందుకో, టోర్టియాలోకి చిక్కుడు అందుకే.

ప్రశ్న: సాల్సా, గ్వాకమోలే చేయడం కష్టమా?

జవాబు: సాల్సా అంటే రోటిపచ్చడికి దగ్గరి చుట్టం. నాలుగు టమాటాలు, రెండు పచ్చిమిరపకాయలు, చిన్న ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు నూనె లేకుండా పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చండి. రోట్లో కచ్చాపచ్చాగా దంచి, కొత్తిమీర, నిమ్మరసం, కొద్దిగా ఉప్పు కలపండి. తాలింపు అవసరం లేదు. మెక్సికోవారికి కూడా ఇందుకోసం మూడు కాళ్ళ రాతి రోలు ఉంటుంది.

గ్వాకమోలేకు బాగా పండిన అవకాడో కావాలి. మన దగ్గర దీనిని బటర్‌ఫ్రూట్ అని అమ్ముతారు. గుజ్జు తీసి మెదిపి, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర తరుగు, నిమ్మరసం, ఉప్పు కలపాలి. ఈ పండులోని కొవ్వు గుండెకు మంచిదే గాని కేలరీలు ఎక్కువ. మనిషికి రెండు మూడు చెంచాలు చాలు. పచ్చిగా తినేవి కనుక కొత్తిమీర, టమాటాలు శుభ్రమైన నీటితో బాగా కడగండి. అప్పటికప్పుడు చేసుకుని అదే పూట ముగించండి.

ప్రశ్న: వారి కారం మనం తట్టుకోగలమా?

జవాబు: హలపేన్యో అనే పచ్చిమిర్చి మన గుంటూరు మిరప కంటే తక్కువ కారం. హబనేరో మాత్రం చాలా తీవ్రమైనది, చిన్న ముక్కతో ఆగండి. నోరు మండితే నీటికంటే పెరుగు, పాలు మేలు. కారం నీటిలో కరగదు. కడుపులో పుండు, మంట ఉన్నవారు కాల్చిన టమాటా సాల్సాను మిరప లేకుండా చేసుకోవచ్చు.

ప్రశ్న: షుగరు, బి.పి. ఉన్నవారు, గర్భిణులు ఏమి గమనించాలి?

జవాబు: ఒక చిన్న మొక్కజొన్న టోర్టియాలో సుమారు 10 నుండి 12 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. గోధుమ మైదాతో చేసిన పెద్ద రొట్టెలో, అంటే బురిటో చుట్టే దానిలో, ఒక్కదానిలోనే 35 గ్రాములు లేక అంతకు ఎక్కువ ఉంటుంది. లోపల మళ్ళీ అన్నం కూరతారు. కనుక షుగరు ఉన్నవారు రెండు మూడు చిన్న మొక్కజొన్న టోర్టియాలు, ఒక చిన్న గిన్నె గింజలు, మిగిలిన పళ్ళెమంతా కూరగాయలు తీసుకుని అన్నం మానండి. మాంసం తినేవారు కాల్చిన కోడి, చేప అడగండి. బయట తిన్నామని మాత్ర మానడం, రెండు వేసుకోవడం ఏదీ చేయకండి.

రక్తపోటు ఉన్నవారికి డబ్బా గింజలు, సీసా సాల్సా, జున్నులలో ఉప్పు ఎక్కువ. డబ్బా గింజలను నీటితో కడిగి వాడితే కొంత ఉప్పు పోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అవకాడో, చిక్కుడు, టమాటాలలోని పొటాషియం హాని చేయవచ్చు. మీ వైద్యుని అడగకుండా తినకండి. గర్భిణులు పచ్చి పాలతో చేసిన మెక్సికో తాజా జున్ను తినకూడదు. లిస్టీరియా అనే క్రిమి వల్ల కడుపులోని బిడ్డకు అపాయం కలగవచ్చు. కాచిన పాలతో ఇంటిలో చేసిన పనీరును పొడిచేసి చల్లుకోవడం మంచిది.

ప్రశ్న: ఇంత మంచి తిండి తినే మెక్సికోలో షుగరు జబ్బు ఎందుకు ఎక్కువ?

జవాబు: చాలా సరైన ప్రశ్న. అక్కడ గత కొన్ని దశాబ్దాలుగా పళ్ళెం మారింది. టోర్టియా, గింజల పక్కకు తియ్యని కూల్‌డ్రింక్ సీసా, వేయించిన పొట్లాలు వచ్చి చేరాయి. ఊబకాయం, షుగరు పెరిగాయి. ప్రభుత్వం 2014లో తియ్యని పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. 2020 నుండి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువైన పొట్లాల మీద నల్లని ఎనిమిది మూలల ముద్ర వేయిస్తోంది. 2025 మార్చి నుండి బడుల్లో అలాంటి తిండి అమ్మకాన్ని నిషేధించింది.

మన పిల్లలకు మెక్సికో తిండిగా తెలిసిన నాచోస్ కూడా అలాంటివే. అవి 1940లలో సరిహద్దు పట్టణంలో పుట్టిన చిరుతిండి. వేయించిన రొట్టె ముక్కల మీద కరిగిన జున్ను పోస్తారు. ఎప్పుడో ఒకసారి సరదాకు తప్పు లేదు, భోజనానికి బదులు కాదు. ఇంటిలో మిగిలిన టోర్టియాను ముక్కలు చేసి పెనం మీద నూనె లేకుండా కరకరలాడే వరకు కాల్చి, సాల్సాతో ఇవ్వండి. పిల్లలు ఇష్టంగా తింటారు.

ఐరోపావారు మొక్కజొన్న గింజను తీసుకుని సున్నాన్ని, చిక్కుడును వదిలారు. జబ్బు వచ్చింది. నేడు మనం మెక్సికో పేరుతో వేపుళ్ళు, మైదా, కూల్‌డ్రింకు తీసుకుని, గింజలు, సాల్సా వదిలితే మరో జబ్బు వస్తుంది. కనుక ఈసారి పిల్లలు అడిగినప్పుడు కాదనకండి. రాజ్మా ముందు రాత్రే నానబెట్టండి. టోర్టియాలు మనవల చేత నొక్కించండి, రోటి దగ్గర మీరు కూర్చోండి. తాగడానికి పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టుకోండి.